మూడో ఆల్బమ్

మార్చి 9

ప్రియమైన తమ్ముడికి,

క్షేమంగా చేరాను. పిన్ని బస్టాండుకి వచ్చింది. నన్ను చూడగానే మాట్లాడటం మొదలుపెట్టి ఇంటికొచ్చేదాకా ఆపలేదు. ఒక్క ముక్క వినపడలేదు. తలూపుకుంటూ నడిచాను. గుమ్మం దగ్గర గుర్తొచ్చినట్టుంది, నుదురు కొట్టుకుని లోపలికెళ్ళి పలక తెచ్చింది. అప్పటిదాకా చెప్పిందంతా మొదట్నుంచీ రాసింది. ఆరు పలకల కబురు. అంతా చదివితే తేలిందేమిటంటే, పక్కింటివాళ్ళ నీళ్ళ పంపు పాడైందిట.

పని దొరికింది. వీధి చివర కట్టుడు పళ్ళు తయారుచేసే చోటు. నలుగురు పనివాళ్ళు. మైనంలో పళ్ళు వరసగా గుచ్చి, పై దవడా కింది దవడా సరిగ్గా కలుస్తున్నాయో లేదో చూడాలి. ఓనరు గారు నా ఎడమచేతి వేళ్ళ కొసలు చూసి "గిటారా?" అని చీటీ మీద రాశాడు. అవునన్నాను. "ఏం పాటలు?" అని రాశాడు. డెత్ మెటల్ అని రాశాను. చాలాసేపు దాన్నే చూసి "అంటే చావు పాటలా?" అన్నాడు, రాతలోనే. "అలాంటివే, కాకపోతే లెక్కలెక్కువ" అని రాసిచ్చాను. అప్పట్నుంచీ నన్ను కొంచెం దూరంగా కూర్చోబెడుతున్నాడు.

ఇక్కడి డాక్టరు కూడా మన డాక్టరు చెప్పిందే చెప్పాడు. ఎడమ చెవి అయిపోయింది. కుడిది వానలు వచ్చేలోగా అయిపోతుంది. పిన్ని ఇంట్లో ఫోనుంది గానీ నాకది గోడతో సమానం. కాబట్టి ఉత్తరాలు రాయి. ఆలస్యం చెయ్యకు.

అసలు సంగతికి వస్తాను. నేను వచ్చేరోజు నువ్వు బ్యాండు ఆపేద్దామని రాసి చూపించావు. బస్సు కదిలిపోతుంటే జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తున్నాను, ఆపొద్దు. తొమ్మిదేళ్ళురా. నాన్న లేత్ మిషను పక్కకి జరిపి ఆ షెడ్డులో మొదలుపెట్టినప్పుడు నీకు పదిహేడు. నాన్న మొదటిసారి విని "ఇనప సామాను మెట్లమీంచి దొర్లుతున్నట్టుంది" అన్నాడు గుర్తుందా, ఆ మాట మనకి మెచ్చుకోలులా వినపడింది. మొదటి ఆల్బమ్ 'తుప్పు', మూడొందల క్యాసెట్లూ మన చేతులతోనే మడతపెట్టాం. రెండోది 'నరాలు', దాన్ని కంపెనీవాళ్ళు వేశారు. వ్యానులో ముప్ఫై ఆరు రోజుల్లో ముప్ఫై ఒక్క ఊళ్ళు తిరిగాం. ఎక్కడున్నాయో కూడా మనకి తెలియని ఊళ్ళనుంచి మనుషులు ఉత్తరాలు రాశారు, ఇంత వేగంగా ఇంత లెక్కగా ఎవరూ వాయించరని. మూడోదానికి ఎనిమిది పాటలిస్తామని సంతకం పెట్టాం. ఆ ఎనిమిదీ నేనే రాస్తాను. బయట వినపడకపోతేనేం, లోపల వినపడుతోంది.

నా చోట్లో ఎవర్నైనా తెచ్చుకోండి. నేను లేనని ఆపేస్తే నా చెవులు ఊరికే పోయినట్టవుతుంది. అది మాత్రం భరించలేను.

మొదటి పాట దీంతోపాటు పెడుతున్నాను. ఎప్పటిలాగే గళ్ళ కాగితం మీద, గడికో దెబ్బ. పిచ్చుకకి చెప్పు, రెండో పేజీలో ఊపిరి తీసుకోవడానికి చోటు వదల్లేదు, అంబులెన్సు తోలేటప్పుడే సాధన చేసుకోమను. మాట్లాడితే పిచ్చుక గొంతు, పాడితే నేలకిందనుంచి లారీ వచ్చినట్టు, ఆ మనిషి గొంతు నాకు ఇంకా బాగా గుర్తుంది. లెక్కల మాస్టారికి నమస్కారాలు. ఆయన బేసు గిటారుకి ఈసారి చాలా పని పెట్టాను, బళ్ళో పిల్లల పరీక్షలయ్యాక చూసుకోమను.

నీ అక్క


ఏప్రిల్ 2

ప్రియమైన అక్కకి,

ఉత్తరం, పాట రెండూ అందాయి. నీ మాటే నెగ్గింది. ఆపలేదు.

మొదటి పాట చూడగానే మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "మీ అక్క చెవులు పోయాయా, చేతులు పెరిగాయా?" అన్నారు. పిచ్చుక రెండో పేజీ పాడి బల్లమీద తల ఆనించి కాసేపు లేవలేదు.

నీ చోట్లోకి ఒకతను దొరికాడు. గడియారాల మెకానిక్. సన్నగా ఉంటాడు, రోజు మొత్తం మీద నాలుగు మాటలు మాట్లాడతాడు. నీ కాగితం చేతికిస్తే అటూ ఇటూ తిప్పి "ఇది వాయించడానికా, చూడ్డానికా?" అన్నాడు. రెండు మాటలు అక్కడే ఖర్చయ్యాయి. చెయ్యి మాత్రం శుభ్రంగా ఉంది. నీ అంత కాదనుకో. నీ అంత కానక్కర్లేదని కూడా నేనే చెప్పాను, కంగారు పడకుండా నేర్చుకోమన్నాను.

నేను కోల్డ్ స్టోరేజీలో పగలు షిఫ్టు చేస్తున్నాను. పెట్టెలు ఎత్తడం, దించడం. చేతులు మొద్దుబారతాయి గానీ కాళ్ళకి ఏమీ కాదు, డ్రమ్ములకి కాళ్ళేగా ముఖ్యం.

రెండో పాట ఎప్పుడు? పిన్నికి పలక చాలకపోతే బ్లాక్ బోర్డు పంపిస్తాను.

నీ తమ్ముడు


మే 11

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి పిన్నికి వినిపించాను. నా గొంతు నాకు వినపడదు కాబట్టి ఎంత గట్టిగా చదివానో తెలియదు. ఎదురింటావిడ కిటికీ తీసి చూసింది.

ఆ గడియారాలాయన నాకు నచ్చాడు. చూడ్డానికా అన్నాడా! ఆయన్ని కుడిచేతి బొటనవేలి గోరు కొంచెం పెంచుకోమను, నాలుగో పేజీలో అవసరం పడుతుంది. ఆయనకి పెళ్ళయిందా, పిల్లలున్నారా? గడియారాలు విప్పే చెయ్యి కదా, ఒణుకు ఉండదు. నేను కళ్ళు మూసుకుని నా పాట ఆయన వాయిస్తున్నట్టు అనుకుంటాను, ఒక్కోరోజు మొహం కూడా కనిపిస్తుంది.

ఒక వింత చెప్పనా. నా చెవిలో హోరుంది కదా, అది ఊరికే హోరు కాదురా, దానికో శ్రుతి ఉంది. మన గిటార్ల మూడో తీగకి అర మెట్టు కిందుంటుంది. మొదట్లో దానిమీద కోపం వచ్చేది, తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది. ఎలాగూ ఆగదని తెలిశాక దాన్నే ఆధారం చేసుకున్నాను. రెండో పాటా మూడో పాటా ఆ శ్రుతిలోనే కట్టాను. అందరూ తీగలు అర మెట్టు దించుకోండి. అప్పుడు మీరు వాయించేదీ నా తలలో మోగేదీ ఒకటే అవుతుంది. మనం ఒకే గదిలో ఉన్నట్టే.

మూడోదాంట్లో నీ కుడికాలికి పదకొండు దెబ్బల వరస, చేతులకి ఏడు దెబ్బల వరస. రెండూ కలిసేది డెబ్భై ఏడో దెబ్బ దగ్గర. అక్కడ ఒక్క క్షణం అందరూ ఆగాలి. ఆ నిశ్శబ్దం ఎలా ఉందో నాకు చెప్పు.

క్యాసెట్ పంపు. వినడానికి కాదులే. పిన్ని టేప్ రికార్డరు మీద అరచెయ్యి ఆనించి చూస్తాను. ఫొటో కూడా ఒకటి.

నీ అక్క


జూన్ 20

ప్రియమైన అక్కకి,

ఆలస్యమైంది, తిట్టకు. మూడు ఊళ్ళు తిరిగొచ్చాం. నాలుగోదీ ఐదోదీ కూడా అందాయి.

చివరి ఊళ్ళో హాలు నిండిపోయింది. పాత సినిమాహాలు, కుర్చీలు పీకేశారు. మూడో పాటలో డెబ్భై ఏడో దెబ్బ దగ్గర ఆగాం. నువ్వడిగావు కదా, నిశ్శబ్దం ఎలా ఉందని. ముందు వరసలో ఒకడు ఎగిరి గంతేస్తూ గాల్లోనే ఉండిపోయినట్టనిపించింది. ఆ తర్వాత మళ్ళీ మొదలుపెట్టేసరికి జనం అందరూ ఒక్కసారే ఊపిరి వదిలారు. పిచ్చుక దిగాక ఏడ్చాడు. ఎందుకురా అంటే, "అక్క ఉంటే బాగుండేది" అన్నాడు.

గడియారాలాయనకి పెళ్ళయింది, ఒక కూతురు. గోరు పెంచుతున్నాడు.

క్యాసెట్ కంపెనీవాళ్ళ దగ్గరుంది, ఆల్బమ్ వచ్చేదాకా బయటికి ఇవ్వరట. ఫొటోలో మాస్టారు కళ్ళు మూసుకున్నారు, ఇంకోటి తీయించి పంపుతాను.

నీ తమ్ముడు


ఆగస్టు 14

ప్రియమైన తమ్ముడికి,

కుడి చెవి కూడా పోయింది. ఏ రోజు పోయిందో తెలియలేదు. గిన్నె కిందపడితే పిన్ని ఉలిక్కిపడింది, నేను పడలేదు. అలా తెలిసింది.

మొన్న ఒక ముసలావిడ పళ్ళు పెట్టించుకోవడానికి వచ్చింది. రెండేళ్ళుగా నోట్లో ఒక్క పన్ను లేదట. నేను గుచ్చిన వరసే. పెట్టుకుని అద్దంలో చూసుకుని ఏదో అంది. అక్కడున్నవాళ్ళంతా విరగబడి నవ్వారు, ఓనరు గారు కళ్ళు తుడుచుకున్నాడు. ఏమందని అడిగాను. ఎవరూ రాయలేదు. రాసేలోపు ఇంకో నవ్వొచ్చింది వాళ్ళకి. ఆవిడ ఏమందో నాకు ఎప్పటికీ తెలియదు. చిన్న విషయమే. కానీ ఆరోజు అన్నం తినలేకపోయాను.

ఆరో పాటా ఏడో పాటా పెడుతున్నాను. ఆరోదాంట్లో మూడో కాగితం నుంచి చూసి, వాయించి, ఎలా ఉందో చెప్పు. మొహమాటపడకు. ఏమీ దాచకుండా చెప్పు. అక్కడ ఏదో తేడాగా ఉందని నాకనిపిస్తోంది, అది పాటలో తేడానో నాలో తేడానో తెలియడం లేదు.

ఫొటో రాలేదు.

నీ అక్క


ఆగస్టు 30

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం, పాటలు అందాయి. ముసలావిడ సంగతి మాత్రం వదిలెయ్యి, "నములుతాను" అని ఉంటుంది, అంతకన్నా ఏమంటుంది.

ఆరోది వాయించాం. ఏ తేడా లేదు. మూడో కాగితం నుంచే అసలు పాట మొదలైందన్నారు మాస్టారు. ఏడోది అంతకన్నా బాగుంది. నువ్వు అనవసరంగా అనుమానపడుతున్నావు. ఇంకొక్కటి రాస్తే ఆల్బమ్ పూర్తవుతుంది.

ఆరోగ్యం చూసుకో.

నీ తమ్ముడు


సెప్టెంబరు 26

ప్రియమైన తమ్ముడికి,

ఎనిమిదోది ఇదిగో. ముప్ఫై రెండు కాగితాలు. మధ్యలో పన్నెండో కాగితం నుంచి ఇరవయ్యో కాగితం దాకా నువ్వు ప్రత్యేకంగా చూడాలి, అక్కడంతా నీ డ్రమ్ములే.

వాయించి చూసి రాయి. ఈసారి జనం సంగతి వద్దు, ఊళ్ళ సంగతి వద్దు. పాట గురించి మాత్రం రాయి. తొందరేం లేదు.

నీ అక్క


అక్టోబరు 15

ప్రియమైన అక్కకి,

ఎనిమిదో పాట నువ్వు రాసినవాటన్నిటికన్నా గొప్పది. మధ్య భాగం మొదట కష్టమనిపించింది, నాలుగు రోజులు కూర్చుంటే కాళ్ళకి పట్టుబడింది. శనివారం స్టేజిమీద కూడా వాయించేశాం. పన్నెండో కాగితం నుంచి ఇరవయ్యో కాగితం దాకా ఒక్క దెబ్బ తప్పలేదు. మాస్టారు వెన్ను తట్టారు.

ఆల్బమ్ పూర్తయింది అక్కా. నువ్వనుకున్నది చేశావు.

నీ తమ్ముడు


అక్టోబరు 22

ప్రియమైన తమ్ముడికి,

పన్నెండో కాగితం నుంచి ఇరవయ్యో కాగితం దాకా కాళ్ళకి మూడు వరసలున్నాయి. కుడికాలికి ఒకటి, ఎడమకాలికి ఒకటి, ఇంకొకటి ఏ కాలికో నాకూ తెలియదు. అది వాయించాలంటే మనిషికి మూడు కాళ్ళుండాలి. ఒక్క దెబ్బ తప్పలేదని రాశావు.

నిన్ను పట్టుకుందామని అలా రాశాననుకుంటావేమో. కాదురా. ఆ మాట నమ్ము. నేను నిజంగానే అలా రాశాను, తెలియక రాశాను. జులై నుంచి నాకు లోపల కూడా వినపడటం లేదు. హోరు పెరిగిపోయింది. ఇదివరకు దానికి శ్రుతి ఉందన్నానే, ఇప్పుడు ఏమీ లేదు, అన్ని శ్రుతులూ ఒకేసారి. పాట మొదలుపెడితే నాలుగు దెబ్బలు వినపడి అందులో మునిగిపోతుంది. ఆ తర్వాత వేళ్ళమీద లెక్కపెట్టి గడులు నింపాను. కూడికలు చేసినట్టు చేశాను. ఆరోది సగం అలాంటిదే. ఏడోది మొత్తం. ఎనిమిదోది పోస్టు చేశాక చిత్తుకాగితం మళ్ళీ చూసుకుంటే కాళ్ళ వరసలు మూడు కనిపించాయి. సిగ్గేసింది. నువ్వు నవ్వుతూ రాస్తావనుకున్నాను, "అక్కా, నాకు తోక కూడా ఉందనుకున్నావా" అని. ఆ ఉత్తరం కోసం రోజూ గుమ్మం దగ్గర నిలబడ్డాను.

నాకు మిగిలిన చెవి నువ్వొక్కడివే. ఇది బాగుంది, ఇది బాగాలేదు అని నువ్వు చెప్తే తప్ప నాకు తెలిసే దారి లేదు. తేడాగా ఉందేమో దాచకుండా చెప్పమని బతిమాలాను. నువ్వు విప్పి కూడా చూడలేదు.

నీ జవాబు వచ్చాక పాత ఉత్తరాలన్నీ ముందేసుకుని చదివాను. ఫొటో ఎందుకు రాలేదో, క్యాసెట్ ఎందుకు రాలేదో అర్థమైంది. బ్యాండు లేదు కదా? ఎప్పట్నుంచి లేదు? గడియారాలాయనైనా ఉన్నాడా?

నిజం రాయి. ఈసారి కూడా అబద్ధం రాస్తే నాకిక నువ్వు కూడా వినపడవు.

అక్క


నవంబరు 8

ప్రియమైన అక్కకి,

బ్యాండు నువ్వెళ్ళిన పంతొమ్మిదో రోజున ఆగిపోయింది.

నీ మొదటి పాట పట్టుకుని షెడ్డులో కూర్చున్నాం. మాస్టారు కాగితం చూసి కళ్ళజోడు తుడుచుకున్న మాట నిజం. ఆ తర్వాత అన్న మాట మాత్రం నేను రాసింది కాదు. "ఆవిడ లేకుండా ఇది నాకు లెక్కల పుస్తకం బాబూ, ఈ వయసులో ఇంకో లెక్కల పుస్తకం వద్దు" అన్నారు. బేసు గిటారు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయారు. పిచ్చుక ఇంకో రెండు వారాలు వచ్చాడు. ఇద్దరం చేసేదేముంది, నేను వాయిస్తే వాడు పాడేవాడు, మధ్యలో నువ్వుండాల్సిన చోట ఖాళీ. ఒకరోజు రాలేదు. తర్వాత బజార్లో అంబులెన్సు ఆపుకుని టీ తాగుతూ కనిపించాడు, నన్ను చూసి గ్లాసు సగంలో పెట్టేసి బండెక్కాడు. కంపెనీవాళ్ళు మేలో రెండు ముక్కల ఉత్తరం రాశారు, మూడో ఆల్బమ్ అక్కర్లేదని.

గడియారాలాయన లేడు. బస్సులో ఒకసారి నా పక్కన కూర్చున్నాడు ఒకాయన, ఒళ్ళో విప్పిన గడియారం పెట్టుకుని. నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆయనకి పెళ్ళయిందో లేదో నాకు తెలియదు. నువ్వు ఆయన పిల్లల్ని అడిగిన ఉత్తరం వచ్చినప్పుడు అక్కడితో ఆపేసి ఉండాల్సింది. కూతుర్ని పుట్టించాను.

ఎందుకు చేశానంటే, ఆపితే చెవులు ఊరికే పోయినట్టవుతుంది అన్నావు. కానీ అసలు కారణం అది కాదు. అసలుది ఇప్పుడు రాస్తాను, రాయడం ఇది నాలుగోసారి, మూడు చింపేశాను.

మన డాక్టరు దగ్గరికి నీతో వచ్చాను గుర్తుందా. నీకు వినపడదని ఆయన నాతోనే మాట్లాడాడు. "ఎడమ చెవి ఇంత ఘోరంగా ఉంది, ఆ పక్క ఏముండేది?" అన్నాడు. షెడ్డు ఎంత ఇరుకో నీకు తెలుసు. లేత్ మిషనుకీ గోడకీ మధ్య నువ్వు నిలబడేదానివి, నా కుడికాలు కనపడేలాగ. నీ ఎడమ చెవికి మూరెడు దూరంలో నా పెద్ద ఇత్తడి పళ్ళెం, సింబల్. నేను చెప్పాను ఆయనకి. తొమ్మిదేళ్ళా అన్నాడు. తొమ్మిదేళ్ళే అన్నాను. ఆయన కాగితం మీద రాసుకున్నాడు. బయటికొచ్చాక ఏమన్నాడని నువ్వు అడిగావు. మన వంశంలో ఉంటుందిట అని చెప్పాను. మొదటి అబద్ధం అది. మిగతావన్నీ దాని పిల్లలు.

చెవుల్లో దూది పెట్టుకుంటే నా కాలి లెక్క మసకబడుతుందని తీసేసేదానివి. నువ్వు తీస్తుంటే చూస్తూ కూడా నేను ఇంకా గట్టిగా కొట్టేవాణ్ణి. వేగం పెరగాలంటే దెబ్బ పెరగాలని నాకో పిచ్చి.

మొదటి ఐదు పాటలూ నేను విప్పి చూశాను, అది నమ్ము. సింబల్స్ అన్నీ ఊడదీసి మూలపెట్టి, ఉత్త డ్రమ్ములమీద ఒక్కణ్ణే నేర్చుకున్నాను. ఐదోదాని దగ్గర ఒకరోజు చెయ్యి అలవాటుగా పైకి లేచి, సింబల్ ఉండాల్సిన గాల్లో కొట్టింది. అక్కడ నువ్వుండే చోటు. కర్ర కింద పెట్టేశాను. మళ్ళీ పట్టుకోలేదు. ఆ వారమే డ్రమ్ములు అమ్మేశాను. ఆరూ ఏడూ ఎనిమిదీ మడత విప్పకుండా రేకుపెట్టెలో పెట్టాను.

నీ ఉత్తరం వచ్చాక కోల్డ్ స్టోరేజీలో సెలవు పెట్టి ఎనిమిదీ ముందేసుకున్నాను. డ్రమ్ములు లేవు కాబట్టి మంచం కోడుమీద చేతులతో, నేలమీద కాళ్ళతో గడి గడీ వాయించాను. తొమ్మిది రోజులు పట్టింది. నువ్వు అడిగింది ఇప్పుడు చెప్తాను. దాచకుండా.

మొదటి నాలుగూ బాగున్నాయి. బాగున్నాయని ఊరికే అనడం లేదు, మూడోదాంట్లో డెబ్భై ఏడో దెబ్బ దగ్గర ఆగినప్పుడు మంచంమీద కూర్చున్నవాణ్ణి నిజంగా ఊపిరి బిగబట్టాను. అలాంటిది ఎవరూ రాయలేదు. ఐదోది నాలుగో కాగితం దాకా బాగుంది, అక్కడ చేతుల వరస పదమూడుకి బదులు పన్నెండే ఉంది, ఆ తర్వాత ఏదీ కలవదు. ఆరోది మూడో కాగితం నుంచి పాట కాదు. నువ్వు సరిగ్గానే పట్టుకున్నావు. ఏడోది పాట కాదు, నాలుగోదాంట్లోని ముక్కలే అటూ ఇటూ మారి వచ్చాయి. ఎనిమిదోది వాయించలేం అక్కా. కాళ్ళ సంగతి సరే, మిగతా కాగితాల్లో కూడా ఒకదానికొకటి సంబంధం లేదు.

ఇక రాయొద్దు. ఈ మాట నేను తప్ప ఎవరూ చెప్పరు, అందుకని నేనే చెప్తున్నాను.

నీ జవాబు అందాక వచ్చే శనివారం బస్సుకి వద్దామనుకుంటున్నాను. నా సింబల్ వల్లేనా అని నిన్ను ఎదురుగా అడగాలి. నువ్వు వద్దంటే రాను.

నీ తమ్ముడు


నవంబరు 12

ప్రియమైన తమ్ముడికి,

ఐదోది నాలుగో కాగితంలో పన్నెండు కాదు. పదమూడే. నువ్వు తప్పు లెక్కపెట్టావు. పైవరసలో మూడో గడిలో చిన్న చుక్క ఉంది చూడు, అది కూడా దెబ్బే. నువ్వు దాన్ని ఇంకు మరక అనుకుని ఉంటావు. మంచం కోడుమీద కొడితే ఇలాగే ఉంటుంది. మిగతావి నువ్వు చెప్పినట్టే అయితే అయ్యాయి గానీ ఐదోదాన్ని వదులుకోను, అది మేలో రాశాను, మేలో నాకు లోపల ఇంకా వినపడేది. మళ్ళీ మొదట్నుంచీ లెక్కపెట్టి

13, ఉదయం

నిన్న అక్కడ ఆపేసి చిత్తుకాగితం తీశాను. బల్లమీద వేళ్ళతో కొట్టి చూశాను, పిన్నిని కూడా పక్కన కూర్చోబెట్టి అంకెలు వేయించాను. చుక్క అని నేనన్నది ఇంకు మరకే. పన్నెండే ఉన్నాయి. నువ్వే రైటు. అంటే మేలోనే మొదలైందన్నమాట, నాకు తెలియలేదు.

నాలుగు పాటలు. నాలుగు పాటలతో ఆల్బమ్ అవదు. వాటిని ఎవరికీ ఇవ్వకు, ఎవరో నేర్చుకుని ఇంకోలా వాయిస్తే నాకు తెలియను కూడా తెలియదు. మిగతా నాలుగూ చింపెయ్యి. నా దగ్గరున్న చిత్తులు ఈ పొద్దున పొయ్యిలో పెట్టాను. ఇక రాయను.

సింబల్ వల్లేనా అని అడుగుతానన్నావు. ఎదురుగా అడిగితే నీ పెదాలు చూసి అర్థం చేసుకోవాలి, తప్పు అర్థం చేసుకుంటానేమో. ఇక్కడే చెప్తాను. అవును, దానివల్లే. ఇక్కడి డాక్టరు మొదటిరోజే కాగితం మీద రాసిచ్చాడు, నేను నీకు రాయలేదు. ఈ ఉత్తరంలో కూడా కాదని రాద్దామనుకున్నాను, రెండు కాగితాలు పాడయ్యాయి. అబద్ధాలు ఇక చాలు మనకి.

అక్కడ నన్ను ఎవరూ నిలబెట్టలేదు. నేనే నిలబడ్డాను, దూది నేనే తీశాను. నిన్ను తప్పుపట్టడం లేదు. కానీ ఈ ఏడాదంతా నేను ఒక మాట అనుకోవాలని ప్రయత్నించాను. మళ్ళీ మొదటికి వెళ్ళినా, ఏం జరుగుతుందో తెలిసినా, అదే షెడ్డులో అదే చోట నిలబడతాను అని. అలా అనుకోగలిగితే బతకడం తేలికవుతుంది. అనుకోలేకపోయానురా. నిలబడను. 'తుప్పు' వద్దు, 'నరాలు' వద్దు, ఆ ముప్ఫై ఒక్క ఊళ్ళూ వద్దు, ఈ నాలుగు పాటలూ వద్దు. నా చెవులు కావాలి. పిన్ని చెప్పే నీళ్ళ పంపు కబురు వినాలి.

ఇది నీకు ఎంత కష్టంగా ఉంటుందో తెలుసు. ఇది చదివాక కూడా రాగలిగితే, శనివారం బస్సుకి రా. స్టాండులో ఉంటాను.

అక్క